ముందు ఎవర్ని అడగాలి

మూడు రోజులుగా తూకం యంత్రం
కాడ్ చేపల బరువు ఎవరికో చెబుతోంది.
మాకు మాత్రం కాదు.
దాని తెర మీద పచ్చదీపం, పంపానన్న ధీమా.
ఆఫీసులో పట్టిక కడిగిన పళ్ళెంలా తెల్లగా.
ఫోర్‌మన్ హైని బరువులన్నీ పెన్సిల్‌తో
అట్టపెట్టె మూత మీద రాసుకుంటూ
నా వైపు చూడకుండానే చూస్తున్నాడు.

కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను.
స్విచ్ దీపాలు మిణుకుమంటూనే ఉన్నాయి.
నా లాప్‌టాప్‌లో అడిగాను: త్యాల్దుర్ ఎక్కడ?
(త్యాల్దుర్ మా లెక్కల సర్వర్.
ఎర్రముక్కు ఒడ్డుపిట్ట పేరు. హ్యాల్‌గ్రిమ్ పెట్టింది.
యంత్రాలన్నిటికీ పిట్టల పేర్లే పెట్టి వెళ్ళాడు.)
చివర నలభై, అని జవాబు.
తూకం దగ్గర తడినేల మీద మోకాళ్ళూని
అదే ప్రశ్న దాన్నడిగాను.
చివర ఏడు, అంది.

ఏడులో ఇప్పుడుంటున్నది
టీగది గోడ మీది టీవీ.
అరవై టన్నుల కాడ్‌ని పెట్టె పెట్టె లెక్కన
దానికి అప్పజెబుతోంది తూకం.
పాపం టీవీ, ఉలకదు, పలకదు,
వాతావరణం చూపిస్తూనే ఉంది:
వాయవ్యం గాలి, వాన, వాన, కాస్త తెరిపి, వాన.

సర్వర్‌ని ఏడు నుంచి నలభైకి మార్చింది నేనే,
పోయిన గురువారం.
నేమ్ సర్వర్‌లో ఒక్క అంకె దిద్ది
లోకమంతటికీ చెప్పేశాననుకున్నాను.
చెప్పడం వేరు. అడిగేవాళ్ళుండడం వేరు.

తూకం లోపలి ఫైళ్ళు తెరిచాను.
ఎవర్ని ఏ వరసలో అడగాలో చెప్పే పంక్తి,
రెండే మాటలు:
ముందు ఇంట్లో పుస్తకం, ఆ తర్వాతే బయటి సర్వర్.
పుస్తకంలో దొరికితే ఇక గడప దాటదు.
పుస్తకమంటే హోస్ట్స్ ఫైలు. అందులో
త్యాల్దుర్, చివర ఏడు.
పైన హ్యాల్‌గ్రిమ్ రాసుకున్న మాట:
"తుఫాను. సముద్రంలో లైను తెగింది. ప్రస్తుతానికి ఇలా."
తేదీ పన్నెండేళ్ళ కిందటిది.
ప్రస్తుతానికి అన్న మాటకి ఆయుష్షు ఎక్కువ.

వరస తిరగేద్దామనుకున్నాను,
ముందు బయట, తర్వాత ఇల్లు.
తిరగేసి, లైను పీకి చూశాను.
ప్రతి పేరుకీ ఐదు సెకన్ల మౌనం.
బెల్టు మీద చేప ఆగదు కదా.
మళ్ళీ ఎప్పట్లాగే పెట్టేశాను.

కోపమొచ్చి హ్యాల్‌గ్రిమ్‌కి ఫోన్ చేశాను.
నంబరు వెతకనక్కర్లేదు, వేళ్ళకే వచ్చు.
"హెయిర్ సెలూన్," అంది ఎవరో పిల్ల.
"ఈ నంబరు మాకొచ్చి రెండేళ్ళండీ."
వెనక డ్రైయర్ హోరు.
నాకు మాట రాలేదు.
ఆ పిల్లే ఓపిగ్గా, "జుట్టు కత్తిరించాలా?" అంది.

హైనిని అడిగాను.
మా ఫారో దీవుల్లో మనిషి పూర్తి కావాలంటే
పేరుకి ఇల్లున్న చోటు తగిలించాలి.
"ఎవరు, వాగుపక్క హ్యాల్‌గ్రిమా?
అతనిప్పుడు వాగుపక్క లేడుగా," అంటూ
మూత అంచు చింపి
కొత్త నంబరు రాసిచ్చాడు.

ఎత్తాడు. గాలి చప్పుడు, గొర్రెలు.
సంగతంతా విని "అదింకా ఉందా!" అని నవ్వాడు,
దగ్గొచ్చేదాకా.
"చెరిపెయ్యకు సున్వా. ముందో హ్యాష్ గుర్తు పెట్టి వదిలెయ్.
మళ్ళీ తెగుతుంది లైను."
కాస్తాగి, "నేను మారి రెండేళ్ళయింది," అన్నాడు.
నింద కాదు. తేదీ చెప్పినట్టు.

హ్యాష్ పెట్టాను.
పన్నెండేళ్ళలో మొదటిసారి
త్యాల్దుర్ ఎక్కడని యంత్రం బయటివాళ్ళనడిగింది.
నలభై.
పట్టికలో అంకెలు పడుతున్నాయి,
పద్దెనిమిదిన్నర, పంతొమ్మిది, పదిహేడూ ముప్పావు.
హైని వచ్చి చూశాడు. తలూపాడు.
చెయ్యి చాపాడు:
"ఆ అట్టముక్క ఇటివ్వు.
మంగళవారం బరువులు దాని వెనకున్నాయి."